రంగు కడుక్కునే హక్కు

2022 జనవరి 17న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. అందులోని వైశ్యుడైన సుబ్బిశెట్టి పాత్ర తమను నలుగురిలో నవ్వులపాలు చేస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ల తరబడి మొత్తుకుంటే ఏలినవారి చెవికెక్కడానికి అంతకాలం పట్టింది. జీవో రాగానే రభస మొదలైంది. నాటక కళాకారులు రోడ్డెక్కారు. రచయితలు భావప్రకటనా స్వేచ్ఛ అన్నారు. ఒక పార్లమెంటు సభ్యుడు హైకోర్టుకు వెళ్లారు. పుస్తకాన్ని వదిలేసి నాటకాన్ని మాత్రమే ఎలా నిషేధిస్తారన్న ప్రశ్న కోర్టులోనూ లేచింది. కులం పరువు, కవి పరువు, కళ పరువు అన్నీ చర్చకొచ్చాయి. చింతామణి వేషం కట్టే ఆడమనిషి పరువు మాత్రం ఎవరికీ పట్టలేదు. మహా అయితే "పాపం, వాళ్ల పొట్ట కొట్టారు" అన్నారు. పొట్ట ఒక్కటే ఉందా ఆమెకు? మొహం లేదా?

వందేళ్లుగా ఆ నాటకంలో అందరికంటే ఎక్కువ మాటలు పడింది ఆమె. స్టేజీ మీద పడింది, స్టేజీ దిగాక పడింది, తెల్లారి ఊరొదిలి బస్సెక్కేదాకా పడింది. సుబ్బిశెట్టికి కులముంది, కులానికి సంఘముంది, సంఘం వెనక ఓట్లున్నాయి. అందుకని ఆయన నొప్పి ఓ జీవోగా అచ్చయింది. చింతామణి వేసే మనిషి వెనక ఎవరున్నారు? ఓ హార్మోనియం, ఓ ట్రంకుపెట్టె.

నేను అనేది సూటిగా ఇదీ. నటి కట్టిన వేషాన్ని తీసుకెళ్లి ఆమె బతుక్కి అంటగట్టడం, నలుగురి ముందు కనిపించే మనిషికీ ఇంట్లో ఉండే మనిషికీ మధ్య సందులోకి తొంగిచూసి ఇకిలించడం మన రంగస్థల హాస్యానికి మూలధనం అయిపోయింది. నిషేధం దాని జోలికి పోలేదు. నిషేధాన్ని తిట్టినవాళ్లూ పోలేదు. ఇద్దరూ కలిసి ఆమెను ఎప్పట్లాగే తెర వెనక వదిలేసి మగాళ్ల పంచాయితీ మగాళ్లే తేల్చుకున్నారు.

ముందు ఒక మాట ఒప్పుకుని తీరాలి. ఆర్యవైశ్యుల నొప్పి అబద్ధం కాదు. ఒక కులం మనిషి ఒంటి రంగునీ, ఒడ్డూ పొడవునీ, మాటతీరునీ, పిసినారితనాన్నీ గంటల తరబడి వెక్కిరిస్తూ, ఆ వెక్కిరింతను బడి పిల్లలు కూడా వల్లించేదాకా తెచ్చాక, తోటి పిల్లాణ్ణి ఆ పేరుపెట్టి పిలిచాక, ఆ ఇంటివాళ్లకు మండదా? మండుతుంది, మండాలి కూడా. అయితే ఆ సీన్లలో సుబ్బిశెట్టి ఒక్కడే లేడు కదా. ఎదురుగా చింతామణి ఉంది, ఆమె ఇంటి ఆడవాళ్లు చిత్ర, శ్రీహరి ఉన్నారు. ఆ బూతు తగిలేది వాళ్లకు. సుబ్బిశెట్టి మీద వేసిన జోకుకు ఆయన కులం నొచ్చుకుంటే అది సామాజిక సమస్య అయింది. ఆడవాళ్ల మీద వేసిన జోకు మాత్రం ఎప్పటికీ వినోదమే.

అసలు కాళ్లకూరి నారాయణరావు రాసిందేమిటి? ఆయన (1871–1927) 'వరవిక్రయం' రాసి కట్నాల మీద, 'మధుసేవ' రాసి తాగుడు మీద కత్తి కట్టిన మనిషి. 'చింతామణి' కూడా ఆ వరసలోదే. శ్రీకృష్ణకర్ణామృతం చెప్పిన లీలాశుకుడి, అంటే బిల్వమంగళుడి కథను తీసుకుని, వేశ్య గుమ్మం ముందు పెద్దమనుషులు ఎలా కరిగి కారిపోతారో చూపించాడు. చదువుకున్న బిల్వమంగళుడు, పలుకుబడిగల భవానీశంకరం, డబ్బుగల సుబ్బిశెట్టి, ముగ్గురూ ఒకే గుమ్మం ముందు ఒకరి తర్వాత ఒకరు దివాలా తీస్తారు. వాళ్లకంటే ముందు కళ్లు తెరిచేది ఎవరు? చింతామణే. బిల్వమంగళుణ్ణి దారిలో పెట్టే బుద్ధిమాట ఆమె నోటి నుంచే వస్తుంది. వైరాగ్యం ముందు కలిగింది ఆమెకు, ఆ తర్వాతే ఆయనకు. సంస్కర్తల కాలపు రచన కాబట్టి అందులో వేశ్యను వేరే కొలతతో కొలిచిన చోట్లూ ఉన్నాయి. ఉన్నా సరే, నాటకం బోనెక్కించింది మగవాణ్ణే.

వందేళ్లలో దాన్ని మనం ఏం చేశాం? పద్యాలు తరిగాయి, సుబ్బిశెట్టి సీన్లు పెరిగాయి. కాళ్లకూరి కలలో కూడా రాయని మాటలు నాటకంలోకి దూరాయి. వేషగాడు ఎంత బరితెగిస్తే అంత పేరు. ఒక ఊళ్లో పండిన బూతు మర్నాటికి పక్క ఊళ్లో తప్పనిసరి. ఇలా పోగుపడీ పోగుపడీ, సంఘాన్ని సంస్కరిద్దామని పుట్టిన నాటకం ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల చుట్టూ మగాళ్లు చేరి పళ్లికిలించే కార్యక్రమంగా తేలింది. వైరాగ్యం సీను వచ్చే వేళకు సగం పందిరి ఖాళీ. బిల్వమంగళుడికి జ్ఞానోదయమైందో లేదో చూసే ఓపిక ఎవరికీ లేదు. నాటకం చెప్పదలుచుకున్న నీతి ఖాళీ కుర్చీలకు, మిగతాది మనకు.

ఆ పందిట్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరికెళ్లి చూడండి. రాత్రి పన్నెండు దాటింది. గుడి ముందు స్టేజీ. దాని వెనక నాలుగు గుంజలకు టార్పాలిన్ పట్టా కట్టారు, అదే గ్రీన్‌రూము. పట్టాకు చిరుగులున్నాయి, చిరుగుల దగ్గర కుర్రాళ్లున్నారు. లోపల ట్రంకుపెట్టె మీద పసిపిల్ల నిద్రపోతోంది. ఆమె అరచేతిలో అద్దం పట్టుకుని సెల్‌ఫోను వెలుగులో బొట్టు దిద్దుకుంటోంది. మైకులో పిలిచారు, వెళ్లింది. రాగం తీసి పద్యం పాడింది, గొంతు బాగుంది, అయినా ముందువరసకు పద్యం అక్కర్లేదు. సుబ్బిశెట్టి వేషగాడు ఆమె వైపు చూసి ఓ మాట విసిరాడు, పుస్తకంలో లేని మాట. పందిరి గొల్లుమంది. ఆమె నవ్వాలి. నవ్వకపోతే "సీను చంపేసింది" అంటారు, పై ఊళ్లో బుకింగు పోతుంది. నవ్వితే "దానికీ ఇష్టమే" అంటారు.

అప్పుడు ఒకాయన లేచి స్టేజీ ఎక్కుతాడు. చేతిలో ఐదొందల నోటు. నాటకం ఆగుతుంది. ఆయన పేరు, తండ్రిగారి పేరు, ఊళ్లో ఆయనకున్న హోదా, అన్నీ మైకులో చదువుతారు. నోటు ఆమె చేతికివ్వడు. పిన్నీసుతో పైటకు గుచ్చుతానంటాడు. వెయ్యిమంది చూస్తుంటారు, ఒక్కడు కూడా "దిగవయ్యా కిందికి" అనడు. ఆమె అరడుగు వెనక్కి జరిగి దండం పెట్టి, ఆయనగారి పేరు చెప్పి, ఆశీర్వదించమని కోరి, ఆగిన చోటి నుంచి మళ్లీ ఎత్తుకోవాలి. హార్మోనిస్టు తలొంచుకుని శ్రుతి పట్టుకుంటాడు. తెల్లారాక కాంట్రాక్టరు చదివింపుల లెక్క తీస్తాడు, ఎవరి వాటా ఎంతో ఆయనే చెబుతాడు. మొహం మీది రంగు బోరింగు దగ్గర కడుక్కుని, పిల్లను భుజాన వేసుకుని బస్‌స్టాండు వైపు నడుస్తుంటే టీకొట్టు బెంచీ మీంచి వినపడుతుంది: "అదుగోరా చింతామణి!"

ఆ పిలుపు దగ్గరే నా గొడవంతా. హరిశ్చంద్రుడు వేసినవాణ్ణి మర్నాడు ఎవరైనా సత్యసంధుడని నమ్మి అప్పిస్తున్నారా? దుర్యోధనుడు వేసినవాడు టీకొట్టు దగ్గరికొస్తే భయపడి లేచి నిలబడుతున్నారా? యముడి వేషగాడికి పిల్లనివ్వడం మానేశారా? మగ వేషాలన్నీ తెల్లారేసరికి చక్కగా కడిగితే పోతాయి. ఆడమనిషి వేసిన వేషం మాత్రం చర్మంలోకి ఇంకిపోతుందని మన ఊళ్ల నమ్మకం.

ఇంకా చోద్యం వినండి. ఈ చింతామణిని ఆంధ్రదేశానికి మోహినిని చేసి చూపించింది ఆడవాళ్లే కాదు. స్థానం నరసింహారావు చేశాడు. తులాభారంలో సత్యభామ, మధురవాణి, రోషనార, చింతామణి, ఆడవేషాల్లో ఆయన్ను మించినవాడు లేడని పెద్దలు చెప్పుకుంటారు. 1956లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆ తర్వాత బుర్రా సుబ్రహ్మణ్యశాస్త్రి సత్యభామగా, చింతామణిగా ఊరూరా జేజేలు అందుకున్నాడు. ఇద్దరూ మహానటులే, వాళ్లకు దక్కిన గౌరవంలో రవ్వంత కూడా తగ్గించమని నేననను. అయితే లెక్క చూడండి. అదే వేషం, అదే వాలుచూపు, అదే వయ్యారం, అదే పద్యం. మగవాడు చేస్తే అభినయం, అధ్యయనం, పద్మశ్రీ. ఆడది చేస్తే స్వభావం. ఆయన చీర విప్పి పంచె కట్టుకుంటే ఊళ్లో పెద్దమనిషి, కరణంగారి అరుగు మీద పీట వేస్తారు. ఆమె ఆ చీర విప్పి ఇంకో చీర కట్టుకున్నా ఇల్లు అద్దెకివ్వరు. నటనలో తేడా ఏముంది? తేడా అంతా మన చూపులో ఉంది.

ఆడవాళ్లు స్టేజీ ఎక్కడం నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. కడప జిల్లా సురభి ఊళ్లో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి కుటుంబాల్లో తల్లీ కూతురూ కోడలూ అందరూ వేషాలు వేశారు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నాయిక వేషం సురభి కమలాబాయిదే. సురభి ఆడవాళ్లను ఊళ్లు గౌరవించాయని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గౌరవం దేనికి దక్కిందో కూడా చెప్పుకోవాలి. పక్కనే మొగుడు కృష్ణుడు వేశాడు, మామ నారదుడు వేశాడు, తెరలు లాగేవాడు మరిది. ఇంటిల్లిపాదీ కాపలా ఉంటే నటి మర్యాదస్తురాలు. ఒంటరిగా ట్రంకుపెట్టె పట్టుకుని, అడ్వాన్సు తీసుకుని వచ్చిన నటికి ఆ మర్యాద ఎందుకు చెల్లదు? అంటే మనం గౌరవించింది ఆమె విద్యను కాదు, ఆమె వెనకున్న మగాణ్ణి.

హాస్యమంటే ఇలాగే ఉంటుందనే మాట నా దగ్గర చెల్లదు. తెలుగులో అంతకంటే గొప్ప హాస్యనాటకం అంతకుముందే పుట్టింది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1909లో కొత్తరూపం తొడుక్కున్న గురజాడ 'కన్యాశుల్కం' తీసుకోండి. మధురవాణి ఎవరు? వృత్తిరీత్యా వేశ్య, నేర్పురీత్యా తెలుగు రంగస్థలం మీద పుట్టిన అతిగొప్ప నటి. గిరీశం ముందు ఒక మొహం, రామప్పంతులు ముందు ఒక మొహం, చివరికి మగవేషం కట్టుకుని సౌజన్యారావు పంతులు ముందు మరో మొహం. నలుగురి నోళ్లలో ఆమెకున్న పేరు వేరు, లోపలి మనిషి వేరు. ఆ తేడాలోంచే నాటకంలో నవ్వు పుడుతుంది. అయితే నవ్వు ఎవరి మీద? ఆమె గుమ్మం తొక్కినవాళ్ల మీద, ఆమెను చూసి ముక్కు మూసుకున్నవాళ్ల మీద. మంచం కింద దూరాల్సిన గతి మగవాడికి పట్టింది. గురజాడ ఆమెకు జాలి దానం చేయలేదు, బుర్ర ఇచ్చాడు. ఆమె మాట్లాడుతుంటే పెద్దమనుషులు ఒక్కొక్కరూ ఊడిపోతుంటారు, మనం పడీపడీ నవ్వుతుంటాం. ఆ నవ్వులో ఒక్క బూతు లేదు.

హాస్యం పరీక్ష అక్కడే ఉంది. నవ్వు పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి? మధురవాణి చేతిలో ఉంటే అది నాటకం. ముందువరస చేతిలో ఉంటే అది వేట.

ఇది తెలుగువాళ్లొక్కళ్లకే పట్టిన తెగులనీ అనను. 1934లో న్యూయార్క్ బ్రాడ్వేలో లారెన్స్ రైలీ రాసిన 'పర్సనల్ అప్పియరెన్స్' అనే హాస్యనాటకం మొదలై 501 ప్రదర్శనలు ఆడింది. అందులో కరోల్ ఆర్డెన్ అనే సినిమా తార తన బొమ్మ ప్రచారానికి ఊళ్లు తిరుగుతూ దారిలో ఓ మామూలు ఇంట్లో చిక్కుబడుతుంది. తెరమీది దేవత ఇంటికొస్తే ఎలా ఉంటుంది, ఆమె బండారం బయటపడకుండా ప్రచారం మనిషి ఎన్ని తంటాలు పడతాడు అన్నదే నవ్వంతా. ఆ నాటకంలోనూ నవ్వు చాలామటుకు ఆమె మీదే. కానీ ఆ దేవత బొమ్మను తయారు చేసిన స్టూడియో, దానికి కాపలా కాసే ప్రచార యంత్రం కూడా ఆ నవ్వులో భాగమయ్యాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా రుచిగా ఉంటుంది. 1936లో దాన్ని 'గో వెస్ట్, యంగ్ మ్యాన్' పేరుతో సినిమా తీస్తే తార వేషం వేసింది మే వెస్ట్. స్క్రిప్టు కూడా ఆవిడే రాసుకుంది. 'సెక్స్' అనే నాటకం రాసి, అందులో నటించినందుకు 1927లో పదిరోజుల జైలుశిక్ష పడిన మనిషి ఆమె. జైలుకు పోయొచ్చి కూడా కలం వదల్లేదు. నా గురించి నవ్వాలనుకుంటే ఆ జోకు నేనే రాస్తానన్నట్టుంది ఆమె తీరు. తన మీద జోకు తానే రాసుకున్న ఆడదాన్ని ఏడిపించడం ఎవరి తరం?

మన చింతామణికి ఆ వీలుందా? సుబ్బిశెట్టి వేషగాడు నోటికొచ్చింది కల్పించుకోవచ్చు, అది ఆయన ప్రతిభ. ఆమె దానికి దీటైన జవాబు కల్పించి ముందువరస పరువు తీస్తే మాత్రం పొగరు. కలం కాళ్లకూరిది, కల్పన వేషగాడిది, నోటు ముందువరసది, లెక్క కాంట్రాక్టరుది. నిందొక్కటే ఆమె వాటా.

పల్లెటూరి పందిరి సంగతి కదా, మనది నగరం, మనకు సంబంధం లేదని అనుకునేవాళ్లు కాస్త అద్దం చూసుకోండి. యూట్యూబులో ఆ నాటకం పేరు కొట్టండి. కాళ్లకూరి పద్యాలు వెతుక్కోవాలి, సుబ్బిశెట్టి ముక్కలు మాత్రం కుప్పలు. పందిట్లో వెయ్యిమంది చూసింది ఫోన్లలో లక్షలమంది చూస్తారు. వీడియో ఎక్కించినవాడికి ప్రకటనల డబ్బు వస్తుంది. ఆమెకు వచ్చేది, కూతురి పెళ్లిచూపుల నాడు ఎవరో ఫోను తెరిచి చూపించే ఆ ముక్క.

సినిమా వాళ్ల సంగతి ఇంకా పై మెట్టు. 1955లో 'కన్యాశుల్కం' సినిమాలో మధురవాణిగా వెలిగిన సావిత్రి నటన గురించి రెండు ముక్కలు చెప్పమంటే తడుముకునేవాడు కూడా ఆమె సంసారం గురించి గంట ఉపన్యసిస్తాడు. ఇవాళ్టికీ అంతే. మలయాళ సినిమా పరిశ్రమలో ఆడవాళ్ల కష్టాల మీద హేమ కమిటీ 2019 చివర్లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. అప్పుడే నటి సమంత నోరు విప్పి, తెలుగు పరిశ్రమలో ఆడవాళ్ల మీద వేధింపుల గురించి తెలంగాణలో వేసిన ఉపసంఘం నివేదికను కూడా ప్రజల ముందు పెట్టమని అడిగింది. పని చేసే చోట భద్రత గురించి ఒక నటి అడిగిన న్యాయమైన ప్రశ్న అది. నివేదిక మీద ఊరంతా చర్చించిందా? లేదు. అక్టోబరు వచ్చేసరికి ఒక మంత్రి తన రాజకీయ ప్రత్యర్థిని కొట్టడానికి అదే నటి విడాకులను కర్రగా తీసుకున్నారు. గొడవయ్యాక మాట వెనక్కి తీసుకున్నారు. ఆ మాటలేమిటో ఇక్కడ మళ్లీ రాసి ఆ పాపంలో వాటా నేను తీసుకోను. గమనించాల్సింది వరస: ఆగస్టులో ఆమె పని గురించి మాట్లాడితే ఎవరికీ వినబడలేదు, అక్టోబరులో ఆమె పడగ్గది గురించి మాట్లాడితే రెండు రాష్ట్రాలూ చెవులు రిక్కించాయి. టార్పాలిన్ చిరుగు దగ్గర నిలబడ్డ కుర్రాళ్లకూ మనకూ తేడా ఏమిటి? మనకు నెట్ ప్యాకేజీ ఉంది.

ఇక ఎదురు వాదనలు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

"ఆమె ఇష్టపడే వేస్తోంది కదా, ఎవరు బలవంతపెట్టారు?" అంటారు. వేషం కట్టడానికి ఇష్టపడింది. పద్యం పాడటానికి ఇష్టపడింది. పైటకు పిన్నీసు గుచ్చించుకోవడానికి ఇష్టపడిందని ఎవరు చెప్పారు? కిరాణాకొట్టు పెట్టుకున్నవాడు సరుకు అమ్మడానికి ఇష్టపడ్డాడు కాబట్టి గల్లాపెట్టెలో చెయ్యి పెట్టొచ్చంటే ఊరుకుంటాడా?

"జనం అడుగుతున్నారు, మేం ఇస్తున్నాం" అంటారు కాంట్రాక్టర్లు. జనమంటే ఎవరండీ? ముందువరసలో తాగి కూర్చున్న ఇరవైమందా? వాళ్ల వెనక చాపలేసుకుని కూర్చున్న ఆడవాళ్లు పదకొండు గంటలకే పిల్లల్ని లేపుకుని ఎందుకు వెళ్లిపోతున్నారు? వాళ్లు జనం కాదా? గయోపాఖ్యానానికీ రాయబారానికీ రాత్రంతా కదలకుండా కూర్చుని, వన్స్‌మోర్ అని పద్యం మళ్లీ పాడించుకున్నదీ ఈ జనమే. రుచి చెడగొట్టినవాళ్లే రుచి చెడిందని ఏడిస్తే ఎలా?

"నిషేధించారు కదా, ఇంకేం కావాలి?" అంటారు ఇంకొందరు. ఎలకలున్నాయని కొంపకు నిప్పు పెట్టి, ఇక ఎలకల బెడద లేదన్నట్టుంది ఈ వాదన. నాటకం ఆపితే సుబ్బిశెట్టి వేషగాడు వేరే వేషం చూసుకుంటాడు, కాంట్రాక్టరు రికార్డింగ్ డాన్సు పెట్టుకుంటాడు. ఆ స్టేజీ మీద కొత్తగా ఎగిరే అమ్మాయికి పద్యం అండ కూడా ఉండదు. నాటకాలను ఆపే పద్ధతి మనకు నేర్పింది 1876 నాటి తెల్లదొరల చట్టం. దొరతనాన్ని వెక్కిరిస్తున్నారని దొర తెచ్చిన ఆ చట్టాన్ని మన పార్లమెంటే చెత్తబుట్టలో వేసింది. బుద్ధి మాత్రం ఇంకా పోలేదు: నచ్చని మాటుంటే మాట విసిరినవాణ్ణి వదిలేసి స్టేజీనే కూల్చెయ్. చింతామణి మీద నిషేధం ఉన్నా ఊడినా ఆ నటి బతుకులో మారిందేమీ లేదు. ఉంటే తిండి లేదు, ఊడితే మర్యాద లేదు.

"అన్నిటికీ ఆడవాళ్ల సమస్యేనా, ఇక నవ్వడం కూడా తప్పేనా?" అని ఒక మేధావి అడుగుతాడు. నవ్వండి బాబూ, కడుపారా నవ్వండి. గిరీశాన్ని చూసి నవ్వండి, రామప్పంతుల్ని చూసి నవ్వండి, సినిమా తార భుజాన చెయ్యేసి ఫొటో దిగడానికి పెళ్లాన్ని పక్కకు తోసే మొగుణ్ణి చూసి నవ్వండి. నటి బహిరంగ జీవితానికీ సొంత జీవితానికీ మధ్య ఉన్న తేడా మీద బ్రహ్మాండమైన హాస్యనాటకం రాయొచ్చు. నిజానికి ఎవరైనా రాయాలి. టార్పాలిన్ వెనక ట్రంకుపెట్టె మీద కూర్చుని ఆమె తోటినటితో చెప్పుకునే కబుర్లు ఒక్కరాత్రి యథాతథంగా స్టేజీ ఎక్కిస్తే మన ముందువరస పెద్దమనుషుల బొమ్మలు ఎలా ఉంటాయో చూడాలని నాకెంత కోరికగా ఉందో! ఆ నాటకం చూడటానికి ముందువరసలో ఎంతమంది కూర్చుంటారన్నదే అనుమానం.

తిట్టి పోవడానికి రాలేదు నేను. చేయాల్సిన పనులు చెబుతాను, అందులో ఒక్కటీ అసాధ్యం కాదు.

కాళ్లకూరి నాటకాన్ని కాళ్లకూరి రాసినట్టు ఆడండి. ఏ కులం మీద ఎగతాళి రాసి ఉన్నా, కత్తిరింపులు కూర్చుని తేల్చుకోండి, ఆ కూర్చునే చోట సంఘాల పెద్దలతో పాటు చింతామణి, చిత్ర, శ్రీహరి వేసే నటులకూ కుర్చీ వేయండి. ఒప్పుకున్న స్క్రిప్టు దాటి మాట్లాడిన వేషగాడికి, ఎంత పేరున్నవాడైనా సరే, ఆ రాత్రి డబ్బు కోయండి. చదివింపులు ఇవ్వదలిచినవాళ్లు కిందే బల్ల దగ్గర రాయించుకోండి, నాటకం నడుస్తుండగా నటులు కానివాడెవడూ స్టేజీ ఎక్కకూడదు. ఆ డబ్బు లెక్క అందరి ముందూ చదవండి, ఇచ్చినవాడి పేరు చదివినంత గట్టిగా. తలుపూ గడియా ఉన్న గ్రీన్‌రూము, మరుగుదొడ్డి చూపించని ఊరికి పోలీసు పర్మిషను ఇవ్వకండి. రికార్డు చేసి నెట్‌లో పెట్టాలంటే నటి సంతకం ఉండాలి, వచ్చే డబ్బులో వాటా ఉండాలి.

ఇక చట్టం. పని చేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులు ఆపడానికి 2013లోనే చట్టం వచ్చింది. పదిమంది కంటే తక్కువ పనిచేసే చోట్ల నుంచీ అసంఘటిత రంగం నుంచీ వచ్చే ఫిర్యాదులు వినడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలని అందులో రాసి ఉంది. స్టేజీ పని చేసే చోటు కాదా? పైటకు గుచ్చిన పిన్నీసు వేధింపు కాదా? కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. జిల్లా కలెక్టరు ఆ కమిటీ ఫోన్ నంబరును నాటకం పర్మిషను కాగితం మీద అచ్చు వేయించి, అదే నంబరును స్టేజీ పక్కన బోర్డు మీద రాయించమని షరతు పెడితే చాలు.

ఒక కులం నొచ్చుకుందంటే రాష్ట్రమంతటా ఒక నాటకాన్ని ఒక్క కాగితంతో ఆపగలిగారు. ఆ కాగితానికి డబ్బు ఖర్చు కాలేదు, ధైర్యమూ ఖర్చు కాలేదు. ఈ ఫోన్ నంబరు అచ్చు వేయడానికి కూడా డబ్బు ఖర్చు కాదు. ముందువరస పెద్దమనుషులకు కోపం వస్తుంది, అంతే. వాళ్ల కోపానికి భయపడని కలెక్టరు రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కరైనా ఉన్నారా? ఉంటే వచ్చే జాతరకు ముందే ఆ బోర్డు కట్టించి చూపించండి.